‘గారు’ తీసేసిన థీసిస్

బిందు థీసిస్‌కి చీడ పట్టిందంటే అది కామాల వల్లే. కొల్లేటి లంకల మాటతీరు మీద ఏళ్ళ తరబడి తిరిగి, విని, రాసింది. తీరా యూనివర్సిటీ వాళ్ళ స్టైల్‌షీటు చేతికొచ్చాక రాసిందంతా తప్పుల తడకలా కనిపించింది. ముందు ఇంటిపేరు, కామా, తర్వాత పేరు, కుండలీకరణాల్లో సంవత్సరం, చివర చుక్క. పుస్తకం పేరు ఇటాలిక్‌లో ఉండాలట. తెలుగు అక్షరాన్ని అలా పక్కకి వంచితే గాలివానకి ఒరిగిన వరిచేనులా ఉంటుంది, అందులో అందమేమిటో ఆ రూలు పెట్టినవాళ్ళకే తెలియాలి. అయినా బిందు వంచింది. శుక్రవారంతో గడువు సరి. ఇప్పటికే పొడిగించారు, ఇక పొడిగించరు. ఆ రోజు దాటితే రిజిస్ట్రేషన్ రద్దు, పడ్డ కష్టమంతా మట్టిపాలు.

ఆఖర్న ఒక్క రూలు మిగిలింది. పేర్ల పక్కన గౌరవవాచకాలు ఉండరాదు. పాలబ్బాయిని కూడా ‘ఏవండీ’ అని పిలిచే ఊళ్ళ పిల్ల బిందు. తనకంటే ముందు ఆ లంకల మాటలు సేకరించిన ఆచార్యుల పేరు పక్కన ‘గారు’ చెరపడమంటే ఆయన ఎదుట కాలు మీద కాలేసుకుని కూర్చోవడమే! తన చేత్తో చెయ్యలేక, తాడేపల్లిగూడెంలో తాను పాఠాలు చెప్పే కాలేజీలో ఆ పాపం కంప్యూటరుకి అప్పజెప్పింది. ‘గారు’ ఎక్కడుంటే అక్కడ తీసెయ్యమంది. అది తీసేసింది. గురువారం పొద్దున్నే ప్రింటు తీయించుకుని ఏలూరు బస్సెక్కింది.

గైడు నాగరత్నం గారు కళ్ళజోడు పెట్టుకుని పేజీలు తిప్పారు.

“ఇదేం చేపమ్మా, బంతీగ? కొల్లేట్లో బంతిపూలు కూడా పడుతున్నాయా?”

“బంగారుతీగండీ...” అంటూనే బిందు నాలుక్కరుచుకుంది. బంగారులోనూ గారు ఉంది.

“ఆచార్య కృపావరం లంకలన్నీ తిరి. జాలర్లను స్వయంగా అడి.” నాగరత్నం గారు పైకి చదివి, నవ్వాపుకోలేక కాగితం మొహానికి అడ్డం పెట్టుకున్నారు. “పాపం, ఆయన్ని తిరగనివ్వలేదు, అడగనివ్వలేదు. కంగారు పడకు. అందులోనూ ఉంది చూడు, గారు! ఇవి దిద్దుకురా, సంతకం పెట్టేస్తాను.”

బిందు వరండాలో బల్ల మీద కూర్చుని ఎర్రపెన్నుతో దిద్దసాగింది. పేజీకి నాలుగైదు గాయాలు. తన మామ్మ యేసమ్మ చెప్పిన మాటల అధ్యాయానికి వచ్చేసరికి మాత్రం ఒక్క అక్షరం చెడలేదు. హమ్మయ్య అనుకుంది. ఆ తర్వాత ఎందుకు చెడలేదో అర్థమైంది. యేసమ్మ చెప్పింది, యేసమ్మ అడిగింది, యేసమ్మ వల తీసుకుని లంకలన్నీ తిరిగింది. కృపావరం గారేమో తిరిగారు. మామ్మ దగ్గర తీసెయ్యడానికి గారన్నది ఉంటే కదా! ఇంట్లో మామ్మని ‘వచ్చింది, తింది’ అంటాం, అది చనువు. థీసిస్‌లో చనువేమిటి? అక్కడ ఆవిడా ఒక ఆధారమే, ఆయనలాగే. లంకలో తనకి మాటలిచ్చిన ఆడవాళ్ళందరినీ అలాగే రాసింది. బిందుకి సిగ్గుతో మొహం వేడెక్కింది.

లోపలికెళ్ళి, “సంతకం రేపు పెడతారా మేడమ్?” అంది. సంగతి చెప్పింది.

“రేపే ఆఖరు రోజు. పరీక్షకులు కామాలు చూస్తారమ్మా, క్రియలు చూడరు.”

“నేను చూశానండీ.”

నాగరత్నం గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. “రేపు మధ్యాహ్నం దాకా ఉంటాను. ఆ తర్వాత నా చేతుల్లో ఏమీ లేదు.”

ఈసారి కంప్యూటరుని నమ్మలేదు. దాని చేతికిస్తే కొల్లేట్లో నీరు కూడా ‘పెరిగారు’ అని రాస్తుంది. బిందు ఒక్కో క్రియనీ వెతికి, అది మనిషిదో వలదో చూసుకుని మార్చింది. మర్నాడు ఏలూరు చేరేసరికి నాగరత్నం గారు బ్యాగు సర్దుకుంటున్నారు. మళ్ళీ కుర్చీలో కూర్చుని పెన్ను తీశారు.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక బిందు తన కాపీ తెరిచి మామ్మకి చదివి వినిపించింది. “నీళ్ళ వాసన మారిన రోజు వల వెయ్యకూడదని యేసమ్మ చెప్పారు.”

“ఎవరే ఆవిడ?” అంది మామ్మ ఆశ్చర్యంగా. “అచ్చం నేననే మాటే అన్నారే!”

“నువ్వే మామ్మా.”

మామ్మ నవ్వలేదు. “నన్నా? చెప్పారు అని రాశావా? అచ్చులోనా?”

“అచ్చులోనే.”

చాపుకున్న కాళ్ళు మెల్లగా వెనక్కి ముడుచుకుని, కొంగు భుజం నిండా సర్దుకుని, “ఏదీ, మళ్ళీ చదువు” అన్నారు యేసమ్మ గారు.