నరకం మాస్టారి దాహం

ఆరో మంచం తాతయ్యను పక్కకు ఒత్తిగిలబెట్టి, వీపు తుడిచి, దుప్పటి ముడతలు అరచేత్తో సాపు చేసి, బొక్కెనను కాలితో ముందుకు నెట్టుకుంటూ నీళ్లక్క ఏడో మంచం దగ్గరికి వచ్చింది. యాభై మూడేళ్ల మనిషి. పొట్టిగా ఉంటుంది కానీ, మనుషుల్ని ఎత్తి ఎత్తి భుజాలు మాత్రం వస్తాదు భుజాల్లా తయారయ్యాయి. సబ్బునీళ్లలో నాని నాని వేళ్ల చివర్లు ఎప్పుడూ ముడతలు పడే ఉంటాయి. కుడి మోకాలు మాట వినదు. అందుకని నడకలో కొంచెం ఒరుగుతుంది.

నీళ్లక్క అన్నది వార్డు పెట్టిన పేరు. అసలు పేరు హాజరు పుస్తకంలో ఉంది, దాంతో ఎవరికీ పనిపడదు. ఆయాగా ఆమె పని ఒళ్లు తుడవడం, పక్కలు మార్చడం, మలమూత్రాల పాత్రలు కడగడం. నీళ్లు తాగించడం ఆ పనుల్లో లేదు. పన్నెండు మంచాలకూ పన్నెండు సీసాలున్నాయి. అయినా గంటగంటకూ స్టీలు జగ్గు పట్టుకుని అన్ని మంచాల చుట్టూ తిరుగుతుంది.

"వాళ్ల సీసాలు వాళ్లకున్నాయి కదా అక్కా, ఆ మోకాలితో ఎందుకీ తిరుగుడు?" అని నర్సు విసుక్కుంటుంది.

"సీసా ఉంటే చాలా సిస్టర్? చెయ్యి అందొద్దూ?"

ఇంట్లోనూ ఇదే వరస. "మా ఆవిడ నన్ను నిద్రలేపి మరీ దాహంగా ఉందా అని అడుగుతుంది" అని దర్జీ పని చేసే భర్త బంధువుల ముందు చెప్పి నవ్విస్తాడు. అందరితోపాటు ఆమె కూడా నవ్వుతుంది. ఎందుకలా చేస్తుందో ఆయనకు ముప్ఫై ఏళ్లలో ఒక్కసారి కూడా చెప్పలేదు.

నీళ్లక్కకు నరకమంటే భయం. అందరికీ ఉండే భయం లాంటిది కాదు. మిగతావాళ్లకు నరకం ఎక్కడో దూరాన ఉంటుంది. వెళితే వెళ్లొచ్చు, లేకపోతే లేదు. ఆమెకు మాత్రం అందులో తన చోటు ఎక్కడో కూడా తెలుసు. మెడలోతు చల్లటి నది. తాగుదామని నోరు వంచితే నీళ్లు కిందికి జారిపోతాయి. దాహమన్నవాళ్లకు నీళ్లివ్వనివాళ్లు అందులో నిలబడాలి, ఎప్పటికీ.

ఆరో తరగతిలో నీతి పాఠాలు చెప్పిన మాస్టారు ఆ నది గురించి చెప్పాడు. పిల్లలు ఆయన్ని చాటుగా నరకం మాస్టారు అనేవాళ్లు. ఏ తప్పుకు ఏ శిక్షో చూపుడువేలు పైకెత్తి, ఎక్కం అప్పజెప్పినట్టు తడుముకోకుండా చెప్పేవాడు. ఆ పాఠం విన్న నెల రోజులకు, జ్వరంతో పడుకున్న నానమ్మ తెల్లవారుజామున "కాసిని నీళ్లియ్యవే తల్లీ" అంది. చలిగా ఉంది. పదకొండేళ్ల పిల్ల కళ్లు గట్టిగా మూసుకుని నిద్ర నటించింది. నానమ్మ ఇంకోసారి అడిగి ఊరుకుంది. పొద్దున లేచి చూస్తే ప్రాణం లేదు. ఆ రోజు నుంచి నీళ్లక్క ఎవరినీ రెండోసారి అడగనివ్వలేదు.

ఇప్పుడు ఏడో మంచంలో ఉన్నది ఆ మాస్టారే. మూడు రోజుల కిందట స్ట్రెచరు మీద తెచ్చినప్పుడు ఆమె పోల్చుకోలేదు. ఎనభైకి దగ్గరపడ్డ మనిషి, గుండె బలహీనపడి ఒళ్లంతా నీరు పట్టింది. కాళ్లు దిండ్లలా ఉన్నాయి. నొక్కితే వేలి గుంట అలాగే నిలిచిపోతోంది. కూతురికి ఏదో చెబుతూ ఆయన చూపుడువేలు పైకెత్తాడు. అంతే, నీళ్లక్క చేతిలోని దుప్పటి జారిపోయింది. ఇన్నేళ్లొచ్చినా ఆ వేలు చూస్తే బెంచీ కింద దూరాలనిపించింది. తానెవరో చెప్పుకోలేదు.

మంచం తలవైపు అట్ట వేలాడుతోంది: గంటకు రెండు చెంచాల నీళ్లు, అంతకు మించి వద్దు. ఒంటినిండా నీరున్న మనిషికి నోట్లో తడి లేదు. పెదవులు పగిలి, నాలుక అంగిలికి అంటుకుపోతోంది. వార్డంతా జగ్గు తిప్పే మనిషికి ఆ ఒక్క మంచం దగ్గర చెంచా పట్టుకుని నిలబడటం ప్రాణసంకటంగా ఉంది.

ఆ పొద్దున ముఖం తుడుస్తుంటే మాస్టారు ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"మొదలైపోయిందమ్మా."

"ఏమిటండీ?"

"శిక్ష. మెడ దాకా నీళ్లున్నాయి, తాగడానికి లేదు." కళ్లల్లో బెదురు. "నేను చెప్పిందే నాకు వేశాడు దేవుడు."

నీళ్లక్క ముందుకు వంగింది. "ఎవరికి చెప్పారు?" అంది తెలియనట్టే.

"బళ్లో పిల్లలకు. మిగతావన్నీ పుస్తకాల్లో ఉన్నవే చెప్పాను. అదొక్కటి కల్పించాను. మధ్యాహ్నం, మండే ఎండ. కుళాయేమో ఆవరణకు ఆ చివర. గొంతు ఎండిపోతోంది, నీళ్లు తెమ్మంటే ఒక్కరూ కదల్లేదు. కోపమొచ్చి అప్పటికప్పుడు ఒక నది కల్పించేశాను. నలుగురు పరిగెత్తారు." కాసేపు ఆయాసపడ్డాడు. "దేవుడి పేరు పెట్టి అబద్ధమాడాను. ఎంతమంది పసివాళ్లు జడుసుకున్నారో."

నీళ్లక్క చేతిలో తువ్వాలు అలాగే ఉండిపోయింది. ముందు నవ్వొచ్చింది. ఆ వెంటనే ఒళ్లు మండిపోయింది. ఎండలో లేచి వెళ్లడానికి బద్ధకించి ఒక మనిషి ఆడిన అబద్ధం! దానికోసం తాను నలభై రెండేళ్లు ఉలిక్కిపడి లేచి కూర్చుంది. పెళ్లి రోజున, కూతురు పుట్టిన రోజున కూడా ఆ నది గుర్తొచ్చి సంతోషం సగంలోనే ఆగిపోయింది. ఒక్క మాట అంటే చాలు: అవును, మీకు అదే శిక్ష. నాలుక చివరిదాకా వచ్చింది. ఆయన ముఖంలోకి చూసింది. ఆ బెదురు ఆమెకు కొత్త కాదు, అద్దంలో ఎన్నోసార్లు చూసినదే. ఏమీ అనలేక బొక్కెన తీసుకుని వెళ్లిపోయింది.

పదిన్నరకు పెద్ద డాక్టరు రౌండుకు వచ్చాడు. ఆ వేళప్పుడు ఆయాలు గోడకు ఆనుకుని, ఉన్నారా లేరా అన్నట్టు ఉండాలి. ఇరవై రెండేళ్లుగా నీళ్లక్క అలాగే ఉంది. డాక్టరు ఏడో మంచం అట్ట చూసి, గొంతు తగ్గించి నర్సుతో, "ఇక మనం చేసేదేం లేదు. కూతుర్ని రమ్మనండి" అని ముందుకు కదిలాడు.

"సార్," అంది నీళ్లక్క.

నర్సు కళ్లురిమింది. మాట్లాడిందెవరా అని డాక్టరు చుట్టూ చూశాడు.

"ఆయనకు దాహంగా ఉంది సార్. చేసేదేం లేదన్నప్పుడు ఇంకా ఆ చెంచాలెందుకు? తాగనివ్వకూడదా?"

తన గొంతు తనకే పెద్దగా వినిపించింది. డాక్టరు వెనక్కి వచ్చాడు. అట్ట మళ్లీ చదివాడు. జేబులోంచి పెన్ను తీసి ఆ వాక్యం మీద అడ్డగీత గీశాడు.

"నిజమే. ఆయన అడిగినంత ఇవ్వండి. తల ఎత్తి పట్టుకుని, మెల్లగా."

నీళ్లక్క మాస్టారి మెడ కింద చెయ్యి వేసి లేవదీసి, గ్లాసు పెదవులకు ఆనించింది. ఆయన తాగలేదు.

"వద్దన్నారుగా?"

"ఇప్పుడు ఇమ్మన్నారు. తాగండి."

మొదటి గుక్క గొంతు దిగుతుంటే ఆ కదలిక ఆమె అరచేతికి తెలిసింది. సగం గ్లాసు అయ్యేదాకా ఆయన ఊపిరి కోసం తప్ప ఆగలేదు. గడ్డం మీద జారిన నీళ్లు ఆమె చేత్తో తుడిచింది.

"నోరు వంచితే జారిపోలేదుగా?"

ఆయన తెల్లబోయాడు. "నీకెలా తెలుసు?"

"మీ ఆరో తరగతి పిల్లనే మాస్టారూ. కిటికీ పక్క బెంచీ."

చాలాసేపు చూశాడు. "గుర్తురావడం లేదమ్మా. చాలామంది కదా." తర్వాత భయంభయంగా అడిగాడు. "జడుసుకున్నావా?"

అప్పుడు చెప్పింది. భర్తకు చెప్పనిది, కూతురికి చెప్పనిది, గ్లాసు రెండు చేతులతో పట్టుకుని చెప్పింది. "నిద్రపోలేదు మాస్టారూ. నటించాను. నానమ్మ రెండుసార్లు అడిగింది."

మాస్టారు కళ్లు మూసుకున్నాడు. కునుకు పట్టిందేమో అనుకుంది. కానీ ఆయన వెతుకుతున్నాడు. చదివిన పుస్తకాలన్నీ లోపల తిరగేస్తున్నట్టు పెదవులు కదులుతున్నాయి.

"లేదు," అన్నాడు చివరికి. "చలికి లేవలేకపోయిన పిల్లకు ఏ పుస్తకంలోనూ శిక్ష లేదు. నేను అన్నీ చదివాను. నా మాట నమ్ము." అనేసి సిగ్గుపడ్డాడు. "ఇంకా నా మాటెలా నమ్ముతావులే."

"నమ్ముతాను."

నమ్మింది కూడా. భయపెట్టినప్పుడు నమ్మిన మనిషిని భయం తీసేసేటప్పుడు నమ్మకపోవడం అన్యాయమనిపించింది. కళ్లు తుడుచుకుని, "మరి పిల్లలకు అబద్ధం చెప్పిన మాస్టార్లకో? అదైనా ఉందా వాటిల్లో?" అంది.

ఆయన మళ్లీ వెతికాడు. చూపుడువేలు సగం దాకా లేచి ఆగింది. "విడిగా ఏమీ లేదే!" అన్నాడు ఆశ్చర్యంగా.

"మరింకేం? ఇంకో గుక్క తాగండి."

ఆయన నవ్వాడు. నరకం మాస్టారు నవ్వడం బళ్లో ఎవరైనా చూశారని కూడా ఆమె ఎన్నడూ వినలేదు.

మధ్యాహ్నం కూతురు వచ్చి పక్కన కూర్చుంది. ఒంటిగంట దాటాక ఆయన పాదాలు చల్లబడటం మొదలైంది. నీళ్లక్క రబ్బరు సంచిలో వేడినీళ్లు పోసి, మూత బిగించి, గుడ్డ చుట్టి, మోచేతికి ఆనించి వేడి చూసి పాదాల దగ్గర పెట్టింది. "హాయిగా ఉందమ్మా" అన్నాడు. మరో రెండుసార్లు నీళ్లడిగాడు, రెండుసార్లూ తాగాడు. మూడు కావస్తుండగా, కూతురు తన చిన్నప్పటి సంగతేదో చెబుతుంటే వింటూ వింటూనే పోయాడు. ఆమె ఇంకో రెండు మాటలు చెప్పాక గానీ గమనించలేదు. నీళ్లక్క దగ్గరికి వచ్చి ముఖం పరీక్షగా చూసింది. బెదురు లేదు.

ఆయన్ని తీసుకెళ్లాక ఆమె స్టూలు మీద కూలబడింది. జగ్గు తిప్పే వేళ అయింది. కదల్లేదు. నది లేదని తేలాక తిరగాల్సిన పనేముంది? మోకాలు కూడా అదే అంటోంది. లోపల ఎవరూ తరమడం లేదు. అది కొత్తగా ఉంది, కాస్త దిగులుగానూ ఉంది. ఐదు నిమిషాలు అలాగే కూర్చుంది. రెండో మంచం మీద ఎవరో దగ్గారు. ఆమె లేచి జగ్గు అందుకుంది. ఆ మనిషికి దాహమేస్తోందేమో అనుకుంది తప్ప, ఇంకే ఆలోచనా రాలేదు. అన్ని మంచాలూ తిరిగింది. మనసు ఎంత తేలికగా ఉందంటే, ఇవాళ ఇంటికెళ్లి భర్తకు నానమ్మ సంగతి చెప్పాలనుకుంది.

డ్యూటీ దిగే ముందు ఏడో మంచం పక్క తీసింది. కళ్లజోడు, శాలువా, చెప్పులు కూతురు సర్దుకుని వెళ్లింది. దిండు గలీబు విప్పి, దుప్పటి లాగింది. పాదాలుండిన చోట, మడతల్లో, గుడ్డ చుట్టిన రబ్బరు సంచి మిగిలిపోయింది. చేతిలోకి తీసుకుంటే ఇంకా వెచ్చగానే ఉంది.