వెదురు దోనె దగ్గర పెళ్ళిచూపులు

సోమెన్ చేసే గిసాకు ఇంటికి అల్లుడు కావాలంటే ఆయన పెరట్లోని వెదురు దోనె పరీక్ష గట్టెక్కాలి. చీల్చిన వెదురులో చన్నీళ్ళు పారుతుంటాయి. సేమ్యాకంటే సన్నని సోమెన్ పోగుల్ని ఆయన పైనుంచి ముద్దముద్దగా వదులుతాడు. జారిపోయేలోగా తినే పుల్లల జతతో అందుకుని, చల్లని సోయా పులుసులో ముంచుకు తినాలి. అందుకోలేని చేతులు తన దుకాణానికి పనికిరావని ఆయన తీర్మానం. పోయినేడు వచ్చిన సంబంధాన్ని అలాగే తిప్పి పంపాడు.

ఈ ఎండాకాలం వంతు తొమోనోరిది. గిసాకు కూతురు చిగుసా అంటే అతనికి ప్రాణం. తల్లి నవ్వుతున్నా లెక్కచెయ్యకుండా ఇంట్లో కుళాయి కింద సాధన చేసి, పట్టు బాగానే సంపాదించాడు.

తీరా దోనె దగ్గర చిగుసా అతనికి దిగువన నిలబడింది. మొదటి ముద్ద రాగానే అతను పుల్లలు చాచాడు, ఆమె ఖాళీ గిన్నె చూశాడు, చెయ్యి వెనక్కి తీశాడు. తర్వాతి ముద్దా అంతే. పిల్లలు కొట్టుకుని మరీ పట్టుకునే గులాబీరంగు పోగు వచ్చినా వదిలేశాడు. చేస్తున్నది శుద్ధ తెలివితక్కువ పనని తెలుసు, అయినా మనసొప్పలేదు.

గిసాకు మొహం చిట్లించాడు. అవి చేతులా రోకళ్ళా అని దెప్పాడు. ఇక దయచెయ్యమనడమే తరువాయి.

"నాన్నా, ఆయన గిన్నె చూసింది చాలు. నా గిన్నె చూడు," అంది చిగుసా. అందులో సోమెన్ పొర్లిపోతోంది.

గిసాకు చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. దోనె చివర, మిగిలినవి పడే బుట్ట వైపు చూశాడు.

"మీ అమ్మ ఎప్పుడూ ఆ బుట్ట దగ్గరే నిలబడేది. అక్కడే ఇష్టం కాబోలనుకున్నాను. పైకి రమ్మని ఒక్కసారీ అన్న పాపాన పోలేదు."

తొమోనోరికి ఆయన మీద జాలేసింది, రేపు తనూ అలాగే ఉంటాడేమోనని భయం కూడా వేసింది. గిసాకు ఇద్దరినీ చోట్లు మారమన్నాడు. చిగుసా ఎగువకు వచ్చింది, తొమోనోరి దిగువకు వెళ్ళాడు. ఆయన మళ్ళీ ముద్ద వదిలాడు.

"నువ్వూ కాస్త వదలవే, అమ్మాయ్. లేకపోతే పెళ్ళినాటికి పుల్లలా అయిపోతాడు."