కూర దిగేదాకా

మా అమ్మాయి మధులత చెప్పులు వేసుకుంటుంటే ఎక్కడికని అడగబోయి నాలుక కరుచుకున్నాను. బయలుదేరే మనిషిని అలా అడిగితే వెళ్లే పని చెడుతుందని మా అత్త నాకు పెళ్లయిన కొత్తలోనే నేర్పింది. అందుకని "దూరమా?" అన్నాను.

"దగ్గరే మా. సాయంత్రానికి వచ్చేస్తా," అని సంచి భుజాన వేసుకుని ఉదయగిరి బస్టాండు వైపు వెళ్లిపోయింది.

దగ్గరికైతే సంచి ఎందుకు? అందులోంచి దుప్పటి అంచు కనబడుతోంది. డిగ్రీ ముగించి ఇంట్లో ఉన్న పిల్ల దుప్పటి తీసుకుని ఎక్కడికి పోతుంది? ఎవడితోనైనా పోతోందా? ఆ ఆలోచనను తోసేస్తే, దుత్తలూరు దాటాక మలుపులో బస్సు పక్కకు ఒరిగినట్టు కళ్ల ముందు కనిపించింది.

మా ఆయన సుబ్బన్న గొర్రెలు తోలుకుని అనంతసాగరం వైపు వెళ్లి ఉన్నాడు. కోతలయ్యాక అక్కడి రైతులు ఎరువు కోసం పొలాల్లో మందలు కట్టించుకుంటారు. ఆయనకు చెబుదామా అనుకున్నాను. చెబితే, నీకు పొద్దస్తమానం ఇదే పనా అంటాడు. ఫోన్ చేతిలోనే ఉంది కదా, వంటల వీడియో పెట్టుకున్నాను.

ఇది నాకు అలవాటైపోయింది. దడ పట్టినప్పుడల్లా ఒక కూర మొదలుపెడతాను, అంటే చూడటమే. ఆ కూర పొయ్యి మీంచి దిగేదాకా ఎవరికీ ఫోన్ చేయకూడదని నాకు నేనే పెట్టుకున్న షరతు. వండే ఆమెది ఏ ఊరో తెలియదు. చేతులు, గాజులు, గొంతు, అంతే. "అందరూ బాగున్నారా?" అని మొదలుపెడుతుంది. ఇంట్లో ఎవరూ లేకపోతే "ఆ, బాగుండాం" అని పైకే అంటాను. నూనె కాగిందో లేదో చెబుతుంది, ఆవాలు చిటపటమన్నాక ఏం వేయాలో చెబుతుంది, ఉప్పు ఎక్కువైతే అదీ చెబుతుంది. తర్వాత ఏం జరగబోతోందో ముందుగా నాకు చెప్పే మనిషి ఆమె ఒక్కతే.

వంకాయ కూర దిగింది. మధులతకు ఫోన్ చేశాను. స్విచాఫ్. రొయ్యల వేపుడు దిగింది. మళ్లీ స్విచాఫ్. గుమ్మడికాయ పులుసు దిగింది, పులిహోర దిగింది. నా పొయ్యి మాత్రం చల్లగానే ఉంది. మధ్యాహ్నం చద్దన్నంలో మజ్జిగ పోసుకుని నమలకుండానే మింగాను.

పక్కింటి రెబెకమ్మ చేట కోసం వచ్చింది.

"ఏంది మాలకొండక్కా, ఈ పూట ఏం వంట?"

"కుక్కర్లో కేకు."

"గుడ్డు గూడా లేని ఇంట్లో కేకంట!" అని నవ్వి చేట దులిపింది. "అది సరేగానీ, సుబ్బన్న కాలు ఎట్టుండాది? కుట్లు పడినాయంటనే?"

ఫోన్‌లో ఆమె పిండి కలుపుతూనే ఉంది.

"ఏ కాలు?"

రెబెకమ్మ మొహం మారిపోయింది. "నీకు తెలీదా? అయ్యో. మా తమ్ముడు ఆత్మకూరు ఆస్పత్రిలో చూసినాడంట. కంచె దాటతా ముళ్లతీగ మీద పడినాడంట. పెద్దదేం కాదులేక్కా. మధు పోయినాది గదా, చూసుకుంటాది."

చేట అక్కడే వదిలేసి వెళ్లిపోయింది. వీధిలో అందరికీ తెలుసన్నమాట.

పొద్దుటి నుంచి లేని బస్సును బోల్తా కొట్టించాను, లేని పిల్లాడి వెంట నా కూతుర్ని పంపాను. నిజంగా రక్తం కారిన చోటికి నా బుద్ధి ఒక్కసారైనా పోలేదు.

ఆయనకు ఫోన్ చేశాను.

"మంద కాడ్నే ఉండానే. నాకేంది, బాగుండాను," అన్నాడు. ఆయన వెనక ఎవరో "సిస్టర్, సిస్టర్" అని పిలుస్తున్నారు.

"సరే, జాగర్త," అని పెట్టేశాను.

దీపాలు పెట్టే వేళకు మధులత వచ్చింది. సంచిలో దుప్పటి లేదు.

"నాయన కాలు ఎట్టుండాది?"

చెప్పులు విప్పబోతున్నది ఆగిపోయింది. "ఎవురు చెప్పినారు?"

"వీధంతా చెప్పింది. నువ్వే చెప్పలా."

"చెప్తే ఏం చేస్తావో తెలవదా? పోయినసారి నాయనకు జరమంటే బస్టాండులోనే పడిపోతివి. నిన్ను మోసుకొచ్చేలోపల నాయన జరం తగ్గిపోయినాది."

నవ్వు రావాల్సిన మాటే. రాలేదు.

"ఫోటో తీసినావా?"

"తీసినా. వద్దులే మా."

"ఇయ్యి."

ఇచ్చింది. మోకాలి కింద వాచిన చర్మం, దాని మీద నల్లదారం కుట్లు. మధులత ఫోన్ తీసుకోబోయింది, నేను ఇవ్వలేదు. చూడగలిగినంత సేపు చూశాను. పొద్దుటి నుంచి నేను ఊహించుకున్నవాటి కంటే అది చిన్నదే.

"ఇంకేమన్నా ఉండాదా?"

మధులత భుజాన ఉన్న సంచి తీసి కింద పెట్టింది.

"నిన్ను తీసుకురావద్దన్నాడు మా. నువ్వొస్తే తన కాలు చూసుకోవాల్నా, నిన్ను చూసుకోవాల్నా అన్నాడు."

ఆ మాట లోపలికి దిగి గుచ్చుకుంది. కానీ మధులత దాన్ని దాచకుండా చెప్పింది. చెంగుతో కళ్లు తుడుచుకుని లేచాను. సంచి దులిపి రెండు చీరలు పెట్టుకున్నాను.

"ఏంది మా ఇది? వద్దన్నాడంటే!"

"విన్నాలే. పొద్దున మొదటి బస్సుకు లేపు."

నేను చీరలు సర్దుతున్నంత సేపూ మధులత చెయ్యి చాపితే అందేంత దూరంలో నిలబడింది. ఎక్కడ పడిపోతానోనని కాపు కాస్తోందని నాకు తెలుసు.