అనుమానానికి కోడ్ లేదు

తప్పు అతని భార్యది కాదు. టీమ్ లీడర్ చేశాడు, చేసి ఆమె నెత్తిన రుద్దాడు. ఇందులో వాదించడానికి ఏమీ లేదు. రెండేళ్లుగా అతను పొద్దున లేచి ముఖం కడుక్కోవడం, డబ్బాలో ఏదో ఇంత సర్దుకోవడం, లిఫ్ట్ ఉన్నా మూడో అంతస్తుకి మెట్లెక్కి రావడం, అన్నీ ఈ ఒక్క మాట ఆసరాతోనే జరిగాయి.

ఇరవై మూడో ఫైలు తెరిచాడు. అట్టముక్కను తెర మీద పెట్టి ఒక్కో వాక్యం కిందికి జరుపుతూ చదివాడు. జానెడు పొడవు, రెండు వేళ్ల వెడల్పు ఉండే ఆ అట్టను అతని భార్య చెప్పుల పెట్టె మూతలోంచి కత్తిరించుకుంది. వాక్యం కింద అది ఆనకపోతే ఆమెకు చదివినట్టుండేది కాదు. బొటనవేలు ఆనే చోట అట్ట నునుపెక్కి, కొంచెం గుంట పడింది. ఇప్పుడు ఆ గుంటలో అతని వేలు ఉంటుంది. సరిగ్గా ఇమడదు.

ఎక్కడో దూరాన ఉన్న ఆసుపత్రుల్లో డాక్టర్లు రాసిన కాగితాలు ఈ గదికి వస్తాయి. కోడర్లు చదివి ప్రతి జబ్బుకీ ఒక కోడ్ వేస్తారు. బీమావాళ్లు కాగితం చదవరు, కోడే చూస్తారు. ఆ కోడ్ సరిగ్గా పడిందో లేదో చూడటం అతని పని. ఆడిటర్. ఎదురుగా అందరూ మాస్టారు అంటారు. వెనక ఎర్రసిరా అంటారని అతనికి తెలుసు. పట్టించుకోడు.

ఇరవై మూడో ఫైల్లో డాక్టరు 'పిత్తాశయంలో రాళ్లు ఉండవచ్చు' అని రాశాడు. కోడర్ రాళ్లకు కోడ్ వేసేసింది. అది పక్క సీటామె పని. అతను తప్పు అని ఎర్ర గడిలో టిక్కు పెట్టాడు.

"మాస్టారూ, ఇది కూడానా?" పక్క సీటామె కుర్చీ జరుపుకుని వచ్చింది. ఇద్దరు పిల్లల తల్లి, మనిషి నవ్వుతూనే మాట్లాడుతుంది. "ఆ డాక్టరుకి రాళ్లున్నాయని తెలుసు, నాకు తెలుసు, మీకూ తెలుసు. ఆ రాళ్లకి కూడా తెలుసు."

"ఉండవచ్చు అన్నాడు. ఉన్నాయనలేదు."

"అయితే?"

"రోగి కడుపునొప్పితో వచ్చాడు. కడుపునొప్పికే వెయ్యాలి. అనుమానానికి కోడ్ లేదు."

"ఈ ఒక్కసారికి చూసీ చూడనట్టు పోండి. ఇంకొకటి పడితే నన్ను మళ్లీ శిక్షణ గదిలో కూర్చోబెడతారు. అక్కడ మీ ఆవిడ పాఠమే కదా..." అనేసి నాలుక కరుచుకుంది.

అతను టిక్కు తీయలేదు. ఆమె కుర్చీ వెనక్కి జరుపుకుంది. ఆ పద్దెనిమిదో సీటు ఒకప్పుడు అతని భార్యది.

శిక్షణ గదికి అద్దం గోడ. కొత్తగా చేరినవాళ్లు ఎప్పుడు వచ్చినా మొదటి రోజు మధ్యాహ్నం ఆ పాఠమే. తెర మీద పెద్ద అక్షరాల్లో కోడర్ నంబర్ 4417, అతని భార్య నంబర్. దగ్గుతో వచ్చిన ఒక మనిషి. డాక్టరు 'ఊపిరితిత్తుల క్యాన్సర్ అనుమానం, పరీక్ష చేయాలి' అని రాశాడు. 4417 క్యాన్సర్‌కి కోడ్ వేసింది. పరీక్ష ఫలితం రాకముందే బీమా కంపెనీ ఉత్తరం ఆ మనిషి ఇంటికి చేరింది. మీకు క్యాన్సర్ కాబట్టి ఫలానా ఫలానా అని. ఆ మనిషికి క్యాన్సర్ లేదు. 'ఈవిడ డాక్టరు కంటే ముందే తేల్చేసింది' అని శిక్షకుడు అంటాడు, కొత్తవాళ్లు నవ్వుతారు. అద్దంలోంచి నవ్వు వినపడదు, పళ్లు కనపడతాయి. అందుకే అతను మెట్ల దారిన వస్తాడు. లిఫ్ట్ దిగితే ఎదురుగా ఆ గదే.

ఈ తప్పు నీదేనన్న కాగితం ఆసుపత్రి మంచం మీద ఉన్నప్పుడు వచ్చింది అతని భార్యకు. అప్పటికి బాగా చిక్కిపోయింది. రెండుసార్లు చదివింది.

"నేనీ ఫైలు చూడనేలేదే" అంది.

"నువ్వు కాదు. నువ్వు సెలవులో ఉన్నప్పుడు ఆ టీమ్ లీడర్ నీ లాగిన్‌తో ఫైళ్లు తోసేసేవాడు. వాడే."

ఆమె అతని ముఖంలోకి చాలాసేపు చూసింది. తర్వాత కాగితం మడిచి దిండు కింద పెట్టుకుంది. "వేశానేమోలే" అంది. "ఆ రోజుల్లో నా బుర్ర నా దగ్గర లేదు. పోనీండి."

నెల తిరక్కుండా పోయింది. తప్పు మోసుకునే పోయింది. అదీ అతని కడుపుమంట.

అప్పటినుంచీ టీమ్ లీడర్‌తో అతను మాట్లాడలేదు. పనికి సంబంధించింది ఏదైనా ఉంటే మెయిల్ రాస్తాడు. ఆ ఫైలు ఏ సీటు నుంచి తెరిచారో చెప్పమని సిస్టమ్స్ విభాగానికి పందొమ్మిది ఉత్తరాలు రాశాడు. జవాబు లేదు. ఇప్పుడు ఆ ఆసుపత్రి కాంట్రాక్టు పోయింది. పాత ఫైళ్లన్నీ రేపు చెరిపేస్తారు. తప్పుల మీద అభ్యంతరాలుంటే ఈ సాయంత్రం ఐదు లోపు ఇవ్వాలని నోటీసు పెట్టారు. ఫైళ్లు పోయేముందు ఎవరి మనసు కరిగిందో, పన్నెండింటికి సిస్టమ్స్ మనిషి ఒక కాగితం తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"ఇదిగోండి మాస్టారూ, మీ రికార్డు. నా ప్రాణం తీశారు కదా ఇన్నాళ్లూ."

ఒకే ఒక వరుస. ఫైలు నంబర్. లాగిన్ 4417. తేదీ. మధ్యాహ్నం మూడు నలభై. టీమ్ లీడర్‌ది ఒకటో నంబర్ సీటు. అతను ఆ ఒకటి అంకె కోసం వెతికాడు. చివరి గడిలో పదిహేడు అని ఉంది.

అట్టముక్కను ఆ వరుస కింద పెట్టి మళ్లీ చదివాడు. పదిహేడు. అతను కూర్చున్న కుర్చీ.

తేదీ చూశాక మిగతాది దానంతటదే వచ్చింది. ఆ రోజు పొద్దున డాక్టరు ఆమె ఎక్స్‌రేను వెలుతురుకి ఎత్తి పట్టుకుని, అనుమానంగా ఉంది, పరీక్ష చేద్దాం అన్నాడు. ఆమెను అక్కడే ఉంచేశారు. "మీరెళ్లండి, నావి పదకొండు ఫైళ్లు మిగిలాయి, లెక్క తగ్గితే మాట పడాలి" అని పాస్‌వర్డ్ చెప్పి పంపింది. అతను ఈ సీటులో కూర్చుని తెర మీద ఒక కిటికీలో తనవి, ఇంకో కిటికీలో ఆమెవి పూర్తి చేశాడు. చేసిన సంగతి అతనెప్పుడూ మరిచిపోలేదు. ఆ పదకొండులో ఈ ఫైలు ఉంటుందని ఒక్కసారి కూడా తోచలేదు. ఇరవయ్యేళ్లలో 'అనుమానం' అన్న మాట దగ్గర అతని చెయ్యి తప్పింది ఆ ఒక్కరోజే. ఆమె జబ్బు ఏమిటో ఆ పొద్దుటికే అతను తేల్చేసుకున్నాడు.

ఆమె తన పాస్‌వర్డ్ చెప్పింది అతనికొక్కడికే. మంచం మీద ఆమె అంతసేపు చూసింది ఎందుకో ఇప్పుడు తెలిసింది.

డబ్బా తెరవలేదు. లేచి టీమ్ లీడర్ బల్ల దగ్గరికి నడిచాడు. కాగితం ముందు పెట్టాడు. టీమ్ లీడర్ దాన్ని సరిగ్గా చూడను కూడా లేదు.

"కూర్చోండి మాస్టారూ."

"నీకు తెలుసా?"

"అప్పుడే తెలుసు. పైకి చెప్తే పాస్‌వర్డ్ ఇచ్చినందుకు అక్కని, వాడినందుకు మిమ్మల్ని, ఇద్దర్నీ ఇంటికి పంపేవాళ్లు. అక్క ఆసుపత్రిలో ఉంది. ఆఫీసు ఇచ్చిన ఆరోగ్య కార్డు మీదే కదా మందులు. అందుకని ఊరుకున్నా."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే మీరు ఊరుకుంటారా? ఆ క్షణమే వెళ్లి ఒప్పేసుకునేవాళ్లు. మీ సంగతి నాకు తెలీదా. నన్ను తిట్టుకుంటే తిట్టుకున్నారులే అనుకున్నా."

అతనికి ఈ మనిషి మీద కోపం పోవాలి. పోలేదు. అడగని మేలు చేసి రెండేళ్లు నోరు మూసుకున్నాడు. అద్దం వెనక ఆ పళ్లన్నీ చూస్తూ అదే దారిన రోజూ తిరిగాడు. కాగితం తీసుకుని వచ్చేశాడు. క్షమించమని అడగలేదు, క్షమించానని చెప్పలేదు.

క్వాలిటీ హెడ్ మేడమ్ వయసులో అతనికంటే చిన్నది. మర్యాద గల మనిషి. అతను రాసిచ్చింది పూర్తిగా చదివింది.

"ఇది మీరు చేశారని రాసిస్తున్నారు. దీని అర్థం తెలుసు కదండీ?"

"తెలుసు. 4417 తీసేయండి. నా నంబర్ వెయ్యండి."

"మిమ్మల్ని మాత్రం నేను ఈరోజే పంపించాలండీ. పాస్‌వర్డ్ విషయంలో నా చేతిలో ఏమీ లేదు. కానీ తప్పు మారదు. లాగిన్ ఎవరిదైతే తప్పు వాళ్లదే. రూలు అది."

"ఆమె లేదమ్మా."

"నంబర్ ఉంది కదండీ."

"ఆ పాఠమైనా తీసేయండి. ఫైళ్లే చెరిపేస్తున్నారు కదా."

ఆమె కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. "కొత్త ఆసుపత్రికి కూడా అదే పాఠం వాడుతున్నారండీ. మంచి ఉదాహరణ అని." కళ్లజోడు మళ్లీ పెట్టుకుని, "సారీ అండీ" అంది.

నాలుగున్నరకి గుర్తింపు కార్డు అప్పగించాడు. సంచిలో పెట్టుకోవడానికి డబ్బా తప్ప ఏమీ లేదు. పక్క సీటామె లేచి నిలబడింది.

"ఎక్కడికి మాస్టారూ, ఇంత పెందలాడే?"

అతను తన బల్ల మీదికి వంగాడు. తెర మీద ఇరవై మూడో ఫైలు తెరిచే ఉంది. కార్డుతో పాటు లాగిన్ కూడా పోయింది. ఎర్ర టిక్కు అలాగే ఉంది, తీయడానికి లేదు.

ఈసారి లిఫ్ట్ దగ్గరికి వెళ్లాడు. శిక్షణ గదిలో లైట్లు వెలుగుతున్నాయి. తలతిప్పకుండా నిలబడ్డాడు. జేబులో ఫోన్ మోగింది. వదిన. అతని భార్యకు అక్క.

"ఇవాళే కదా ఆఖరు? తేలిందా మరిదీ?"

"తేలింది."

"వాడేనని ఒప్పుకున్నాడా? నే చెప్పలా. మా చెల్లెలు ఉసురు ఊరికే పోతుందా. ఏమన్నాడేమిటి?"

లిఫ్ట్ తలుపులు తెరుచుకున్నాయి. అతను ఎక్కలేదు. అవి మూసుకున్నాయి.

"వదినా, ఇంకెప్పుడూ ఆ మాట నా దగ్గర ఎత్తొద్దు. నేనూ ఎత్తను."

"అదేంటి, ఏం జరిగిందో చెప్పకుండా..."

ఫోన్ కట్టేసి మెట్ల దారి పట్టాడు. ఆ తర్వాత వదిన చాలాసార్లు అడిగింది. ఇంకెవరెవరో అడిగారు. అతను బతికినన్నాళ్లూ ఒక్క మాట పలకలేదు.

పదిహేడో సీటు ముందు తెర ఆరిపోయింది. దాని కింది అంచుకు అట్టముక్క ఆనించి ఉంది, బొటనవేలి గుంట పైకి కనపడేలా.