బాను టైపు చేసిన పేజీలు

పెద్దకర్మ జరిగిన మర్నాడు మా మామ మునిరామయ్య నన్ను ఒక్కటే అడిగాడు. తన కూతురి లాప్‌టాప్.

ఎందుకని నేను అడగలేదు. బీరువా పైనుంచి సంచీతో సహా దించి ఇచ్చాను. అది ఇంట్లో లేకపోతే నాకూ మంచిదే అనిపించింది. ఆయన దాన్ని ఉతికిన పంచెలో చుట్టుకుని, పుత్తూరు బస్టాండులో నగరి బస్సెక్కాడు.

నా భార్య పేరు భానుప్రియ. ఇంట్లో అందరికీ బాను. నేను పుత్తూరు దగ్గర హైస్కూల్లో లెక్కలు చెబుతాను. నేను బడికి వెళ్లాక ఆమెకి పొద్దు గడిచేది కాదు. పుట్టినప్పటినుంచీ ఇంట్లో మగ్గం చప్పుడు విన్న మనిషి. “చేతులు ఊరికే ఉంటే నాకు నిద్ర రాదు” అనేది.

ఫిబ్రవరిలో ఫోన్‌లో ఒక ప్రకటన చూసింది. ఇంటి దగ్గరే టైపింగ్ పని. కంపెనీవాళ్లు పాత ఇంగ్లీషు పుస్తకాల పేజీలను ఫొటోలు తీసి పంపుతారు. వాటిని టైపు చేసి గడువులోగా పంపాలి. నూటికి తొంభై వంతులు తప్పు లేకుండా ఉంటే కూలి. అంతకు తగ్గితే కూలి లేకపోగా మనమే జరిమానా కట్టాలి.

“మీరొకసారి చూడండి” అంది బాను. “మోసమైతే ఇప్పుడే ఇడిసిపెడతాను.”

చూశాను. ఐదు నిమిషాలు. వెబ్‌సైట్ ఉంది. ఒప్పందం కాగితం మీద ముద్ర ఉంది. ఫోన్ చేస్తే సునీల్‌కుమార్ అనే మేనేజరు మర్యాదగా తెలుగులోనే మాట్లాడాడు. మొదటి వారం కూలి, కొద్దిపాటిదే, బ్యాంకులో పడింది కూడా. “నిజమే, చేసుకో” అన్నాను. చివరి జవాబు సరిపోతే మధ్యలో స్టెప్పులు చూడకుండా మార్కులు వేసే అలవాటు నాకు లేదు. ఆ రోజు మాత్రం అదే చేశాను.

ఏప్రిల్‌లో తిరుపతిలో పదో తరగతి పేపర్లు దిద్దే క్యాంపు పడింది. పొద్దున్నే రైలెక్కితే చీకటిపడ్డాకే రావడం. ఆ రోజుల్లోనే కంపెనీనుంచి తప్పుల నివేదిక వచ్చింది. బాను మొదటి నూట యాభై పేజీలకి నూటికి డెబ్భై ఒకటి. మధ్యాహ్నం భోజనాల వేళ ఆమె ఫోన్ చేసింది.

“నా పేజీలు ఒక పది దిద్దిపెడతారా? తప్పులు యాడుండాయో నాకు కనపడలేదు.”

నా ముందు ఇంకా ఇరవై పేపర్లు ఉన్నాయి. “ఆదివారం చూస్తాను” అన్నాను.

ఆదివారానికి మేము తిరుపతి ఆసుపత్రిలో ఉన్నాం. అప్పటికి ఆమెకి ఐదు రోజులుగా జ్వరం. తలనొప్పేనని నాతో చెబుతూ వచ్చింది. నమ్మాను. రెండు రోజుల ముందే వచ్చి ఉంటే అని డాక్టరు మొదలుపెట్టి, నా ముఖం చూసి ఆగిపోయాడు. బుధవారం ఉదయం బాను పోయింది. ముప్ఫై నాలుగేళ్లు.

దాని గురించి ఇంతకంటే రాయలేను.

మామ లాప్‌టాప్ తీసుకుపోయిన మూడు వారాలకి మా అత్త సుబ్బులమ్మ ఫోన్ చేసింది. “నాయనా, ఒకసారి వచ్చిపో. మీ మామ కూడు నీళ్లు మానేసి ఆ పెట్టె ముందర కూసోనుండాడు. నేను సెప్తే ఇంటాడా! నువ్వొచ్చి సూడు.”

ఆదివారం వెళ్లాను. నగరిలో వాళ్ల వీధంతా మరమగ్గాల మోత. మామ ఇంట్లో మాత్రం పాత గుంట మగ్గం ఒకటే ఉంది. దగ్గు ఎక్కువై ఆయన నేత మానేసి రెండేళ్లయింది. మగ్గం పలక మీద లాప్‌టాప్ పెట్టుకుని, కళ్లద్దాలు ముక్కు చివరికి దించి, ఒక వేలితో టైపు చేస్తున్నాడు. ఒకసారి ఫొటోలోని అక్షరాన్ని చూస్తాడు. తర్వాత మీటల్లో అదే ఆకారం వెతుకుతాడు. నొక్కుతాడు. ఆయనకి ఇంగ్లీషులో ఒక్క అక్షరం రాదు. తెలుగు సంతకం వరకే.

“రా అల్లుడా” అన్నాడు తల తిప్పకుండా. “ఈ వరస అయిపోనీ.”

“వరసంట, వరస!” అంది అత్త, నాకు మంచినీళ్లు ఇస్తూ. “రోజుకి నాలుగు కాగితాలు. సీర నేసినట్టు నేస్తాండాడు. అడుగు, ఏం కత్తిరించి అమ్ముకుంటాడో!”

“పోవే. నీకేం తెలుసు?”

“నాకేం తెలీదులే. నీకే తెలుసు. అయ్యోరూ, నువ్వే అడుగు.”

వరస పూర్తయ్యాక మామ నావైపు తిరిగాడు. ముఖం సగానికి సగం అయింది.

“పడుగు మగ్గానికి ఎక్కించినోళ్లు మద్దెలో పోతే, ఇంట్లోవాళ్లు దాన్ని నేసి దించాల. అదీ మా ఇండ్లల్లో పద్ధతి. మా నాయన పోతే నేను దించినాను. ఆయన సగం, నేను సగం, ఒకే సీర. దించి సావుకారికి అప్పజెప్పినాంకనే ఆయన పని తీరినట్టు. అందుకే ఇది అడిగి తెచ్చుకున్నా. ఆ పిల్ల పని అట్లా యాలాడతా ఉంటే నాకు మింగుడు పడలా.”

నేను ఖాళీ చెంబు అత్త చేతికి ఇచ్చాను.

“అగ్రిమెంటులో బాను నా నంబరు కూడా ఇచ్చిందంట, ఆ సునీలుకుమారు ఫోన్ చేసినాడు. మీ అమ్మాయి పోయినా అగ్రిమెంటు పోదు, ఇంట్లోవాళ్లు పూర్తి చెయ్యొచ్చు అన్నాడు. న్యాయమైన మాటే. నేను టైపు చేసింది ఎదురింటి ఐశ్వర్య పంపించింది. అదీ తక్కువే వచ్చిందంట. ఇప్పుడు గడువు పొడిగించాలంటే దుడ్లు కట్టమంటాడు. లేదంటే కోర్టు కాగితం ఆ పిల్ల పేరు మీద వస్తాదంట. పోయినదాని పేరు మీద! నాలుగ్గంటలకి మళ్లీ ఫోన్ చేస్తాడు.”

“అబ్బో!” అంది అత్త. చేతిలో చెంబు గట్టిగా కింద పెట్టింది. “అరవై ఏండ్లుగా సూస్తాండా. ఏ సావుకారైనా నేసేవాడికి ముందు దుడ్డిస్తాడు. నేసేవాడి దగ్గర దుడ్డు అడిగే సావుకారిని నేను ఈ నగరిలో సూళ్ళేదు, మద్రాసులో సూళ్ళేదు. సంతకం రాని నాకే తెలస్తాంటే—”

“గుడ్డలో తప్పొస్తే పట్టుకోడా సావుకారు? మన కూలిలో పట్టుకోలేదా?”

“పట్టుకున్నాడు. గుడ్డ ముందర పరిచి, ఇదో ఈడ తప్పింది అని ఏలు పెట్టి సూపించి పట్టుకున్నాడు. ఈడు యాడ సూపించినాడు?”

మామ గొంతు తగ్గించి నాతో అన్నాడు.

“నీకు తెలీదు. ఆ తప్పుల కాగితం వచ్చిన రోజు బాను నాకు ఫోన్ చేసింది. ఏడ్సింది. తప్పు లేదు నాయనా, అంటాది. నేను కసిరినా. చిన్నప్పుడు కూడా అంతే, పేకలో పోగు తప్పిచ్చి లేదు నాయనా అనేది. సావుకారితో వాదులాడేది నేతగాడి లక్షణం కాదు. తప్పు గుడ్డలో ఉంటే నేసినోడిదే. విప్పి మళ్లీ నెయ్యి అన్నాను.” తెర వైపు చూశాడు. “మళ్లీ అంతా టైపు చేసిందంట. నూట యాభై కాగితాలూ. పెట్టెలో తేదీలు సూసి ఐశ్వర్య సెప్పింది.”

జ్వరంతో అని ఆయన అనలేదు. నేనూ అనలేదు. తలనొప్పి అని ఆమె పడుకోకుండా కూర్చున్న ఆ ఐదు రోజులు ఎక్కడికి పోయాయో నాకు అప్పుడు తెలిసింది.

“నువ్వు సదువుకున్నోడివి” అన్నాడు. “దిద్దేవాడివి. ఇది సరైన కంపెనీనా కాదా, సూసి ఒక్క మాట సెప్పు. నువ్వేమంటే అదే.”

అప్పుడు రెండున్నర. అసలైనదే మామా, నేను కట్టేస్తాను, మీరు పూర్తి చెయ్యండి అని చెప్పవచ్చు. ఆయన ఇంకో నెల కూర్చుని పూర్తి చేసి, కూతురి పని తీరిందని నమ్మి నిద్రపోతాడు. నిజం చెబితే, విప్పి మళ్లీ నెయ్యమన్న మాట ఆయన దగ్గరే మిగిలిపోతుంది. ఆయనకి దగ్గు. వయసు డెబ్భై.

ముందు చూడాలి కదా అనుకున్నాను. ఆదివారం చూస్తానన్నవాణ్ణి.

బాను పేజీలు పది తీశాను. స్కేలు అడ్డంగా తెర మీద ఆనించి, పేపర్లు దిద్దినట్టే, వరస వరసా ఫొటోతో పోల్చాను. నివేదికలో పద్నాలుగు తప్పులు అని రాసిన పేజీలో ఒక్కటీ లేదు. తర్వాతి దాంట్లోనూ లేదు. ఒక పేజీలో అసలు పుస్తకంలోనే అచ్చుతప్పు ఉంటే, ఆమె దాన్నీ ఉన్నదున్నట్టు దించింది. పది పేజీలూ పూర్తయ్యేసరికి మూడున్నర అయింది. అత్త గడపలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. నన్ను చూడటం లేదు.

తర్వాత మూడు నివేదికలూ పక్కపక్కన పెట్టాను. బాను మొదటిసారి పంపినదానికి డెబ్భై ఒకటి. అంతా మళ్లీ టైపు చేసి పంపినదానికి డెబ్భై ఒకటి. తప్పులు ఉన్నాయన్న పేజీల నంబర్లు కూడా అవే. తేదీ ఒకటే మారింది. ఇంగ్లీషు అక్షరం రాని మామ పంపినదానికీ డెబ్భై ఒకటి. పేజీలు వేరైనా అవే నంబర్లు. ఎవరూ దేన్నీ దిద్దలేదు. ఆమె పేజీలను తెరిచి చూసిన మొదటి మనిషిని నేనే.

ఇరవై రెండేళ్లుగా మార్కులు వేస్తున్నాను.

“ఏమంటావు అయ్యోరా?”

“మోసం మామా. ఫిబ్రవరిలోనే మోసం. నిజమని చెప్పినవాణ్ణి నేనే.”

ఆయన కళ్లద్దాలు తీసి పలక మీద పెట్టాడు.

“అయితే ఆ తప్పులు?”

అబద్ధం చెప్పడానికి అదే చివరి అవకాశం. కానీ ఆ అబద్ధం బాను మీద వేయాలి.

“లేవు. పది పేజీలు చూశాను. ఒక్కటీ లేదు.”

“ఒక్కటి కూడానా?”

“లేదు మామా.”

ఆయన చెయ్యి మగ్గం పలక మీద అటూ ఇటూ కదిలింది, ఏదో దుమ్ము తుడుస్తున్నట్టు. “అయితే ఆ పిల్ల నిజమే సెప్పింది” అన్నాడు. “నేనే విప్పించినాను.”

“నన్ను దిద్దమని అడిగింది మామా. ఆదివారం అన్నాను.”

“ఊ” అన్నాడు. ఓదార్చలేదు, తప్పు పట్టలేదు. ఇద్దరం మగ్గానికి చెరోవైపు కూర్చున్నాం. వీధిలో మోత ఆగకుండా వస్తోంది. అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

చెప్పినట్టే నాలుగింటికి ఫోన్ మోగింది. నేను తీసుకోబోతే మామ చెయ్యి అడ్డం పెట్టాడు. స్పీకర్ వేయమన్నాడు.

“పెద్దాయనా, అమౌంటు రెడీనా?”

“సునీలుకుమారూ. మా అల్లుడు బడి అయ్యోరు. ఆ పిల్ల కాగితాలు దిద్దినాడు. తప్పు లేదంట.”

“అది మీరు చెప్తే కాదు పెద్దాయనా. మా సిస్టమ్ చెప్పాలి. కోర్టు నోటీసు—”

“నోటీసు పంపు. ఆ పిల్ల అడ్రస్ ఇప్పుడు మారింది. నువ్వే పోయి ఇచ్చి రా.” దగ్గు తెర వచ్చింది. ఆగి, తేరుకుని, మళ్లీ అన్నాడు. “నీకూ బిడ్డలుంటే, ఆ బిడ్డ ‘తప్పు లేదు నాయనా’ అంటే నమ్ము. అంతే నేను సెప్పేది.”

అవతల లైను పోయింది.

రేపు నేను పోలీసుల దగ్గరికి వెళతానని, కాగితాలన్నీ దాచమని అత్తకి చెప్పాను. అత్త తలూపి అన్నం వడ్డించడానికి లేచింది. మామ లేవలేదు.

“అల్లుడా, ఇన్ని దినాలూ బొమ్మ దించినట్టు దించినా గానీ, అదేందో నాకు తెలీదు. ఆ పిల్ల రాసిందాంట్లో ఏముండాది?”

లాప్‌టాప్ దగ్గరికి జరుపుకున్నాను. దిద్దేటప్పుడు అక్షరాలే చూశాను, విషయం చూడలేదు. మొదటి పేజీ చదివాను. ఎప్పటిదో, ఏ దేశంలోదో, చలికాలంలో ఆపిల్ పండ్లు కుళ్లిపోకుండా ఎలా దాచాలో చెప్పే పుస్తకం.

“ఆపిలా?” అన్నాడు. “దానికి ఆపిల్ అంటే పడదు. జరమొస్తే కూడా తినేది కాదు.”

“అవును మామా.”

“సదువు.”

తెలుగులోకి మార్చుకుంటూ చదివాను. పండుకి పండు తగలకూడదు. దెబ్బ తగిలిన పండును ముందే వేరు చెయ్యాలి. గది మరీ ఎండిపోకూడదు, మరీ తేమగా ఉండకూడదు. ఒక వరస పండ్లు, ఒక వరస గడ్డి. ఆయన కళ్లు మూసుకుని ఒక్కో మాటకీ ఊ కొట్టాడు. అత్త కంచం పట్టుకుని గడపలోనే నిలబడి వింది. పొద్దు వాలింది. లైటు వేశాను. గొంతు ఎండిపోయినచోట నీళ్లు తాగి మళ్లీ చదివాను.

మధ్యలో చాలా పేజీలు దాటేసి, నూట యాభై తర్వాత ఆమె మొదలుపెట్టిన చివరి పేజీ దగ్గర ఆగాను. వాక్యం మధ్యలో ఆగింది. తర్వాతి మాటనుంచి మామ టైపు చేసింది.

“ఆగినావేం?”

“ఇక్కడిదాకే మామా, బాను.”

ఆయన కళ్లు తెరవలేదు.

“తర్వాతది నాది. అదొద్దు” అన్నాడు. “మొదట్నుంచి సదువు.”