విత్తనానికి విడిచిన కాయ

ఆదివారం కోత పండుగ ఇంక రెండు రోజులుందనగా, ఆనపకాయ మీద తగవు మూడో పూటకి చేరింది. లేతగా ఉండగానే కోసి చర్చికి కానుకగా పట్టుకెళ్లాలని ఎలియాజరు పట్టు. పందిరికి అదొక్కటే కాయ, ఎండేదాకా ఉంచి గింజలు తీయాలని అతని భార్య ఆరోగ్యమేరి పంతం. పాస్టరుగారికి మాటిచ్చేశానని అతను పొద్దున్నుంచి పదిసార్లు చెప్పాడు. మాటిచ్చే ముందు పాదుని అడిగారా అని ఆమె ఒక్కసారే అంది.

ఆ విత్తనం ఆమె తల్లిది. కోటవురట్ల దగ్గర పుట్టింటి పొలమంతా ఇప్పుడు సరుగుడు తోట. తల్లి పోయాక చీర మడతల్లో దొరికిన ఐదు గింజలు తెచ్చి అనకాపల్లి పెరట్లో పాతితే ఒక్కటే మొలిచింది. ఈ కాయ పోతే ఆ రకం ఇంక లేనట్టే.

మొలిచిన ఆ ఒక్కటీ మాత్రం పందిరంతా అల్లుకుంది. నులితీగలు బట్టలారేసే దండేన్ని కూడా వదల్లేదు. పూలకి లోటు లేదు. కానీ పిందె పడటం, పసుపెక్కి రాలిపోవడం. పదిహేను రోజులు ఆమెకి అంతు చిక్కలేదు. ఒక సాయంత్రం, బెల్లం మార్కెట్టులో గుమస్తా పని ముగించుకొచ్చిన ఎలియాజరు పిందె లేని పూలన్నీ ఏరి ఏరి తుంచేస్తుంటే కంటపడింది.

"ఏటండీ ఆ పని?"

"గొడ్డు పూలే ఇవి. ఊరికే బలం లాగేత్తన్నాయి."

ఆరోగ్యమేరి నెత్తి కొట్టుకుంది. అవి మగపూలనీ, వాటి పుప్పొడి అందకే ఆడపూల పిందెలు రాలిపోతున్నాయనీ చెప్పింది. ఇంటర్లో బైపీసీ చదువుతున్న కూతురు ఫెబా పడీ పడీ నవ్వింది.

"నాన్న పెళ్లికొడుకులందర్నీ తరిమేసేడమ్మా," అంది.

అప్పటికే పాదు ముదిరింది. ఒక్క ఆడపువ్వు మిగిలింది. పొద్దుగూకే వేళ అది తెల్లగా విచ్చుకోగానే ఆరోగ్యమేరి ఒక మగపువ్వు తెంపి, రేకులు ఒలిచి, పుప్పొడిని దాని నడిమికి మెత్తగా అద్దింది. నాలుగో రోజుకి పిందె నూగుతో నిగనిగలాడుతూ కిందికి వంగింది. ఆ రోజు ఆమె నడకే మారిపోయింది. పక్కింటి తలుపులమ్మను పిలిచి మరీ చూపించింది. పరవాడలో పనిచేసే కొడుకు జెఫ్రీ సెల్లుతో ఫొటో తీసి, మా అమ్మ కాయించిందని కంపెనీ బస్సులో అందరికీ చూపించాడట.

ఇప్పుడు తగవు ఆ కాయ మీదే. పండుగకి రెండు రోజుల ముందు రాత్రి, అన్నాల దగ్గర ఎలియాజరు ఆఖరి మాట వదిలాడు.

"మొదటి ఫలం దేవుడిది కాదేటి?"

పిల్లలిద్దరూ తల్లి మొహం చూశారు. ఆమె తొందరపడలేదు. అతని కంచంలో చారు పోసి, తనూ పీట వాల్చుకుని కూర్చుంది.

"దేవుడిదే. అందుకే కొయ్యను. ఎండనిచ్చి, జల్లులు పడేలోగా చర్చికొచ్చే ప్రతి ఇంటికీ నాలుగేసి గింజలిత్తాను. పాస్టరుగారికి రేపు నేనే సెప్తాను," అంది నెమ్మదిగా.