నేల అందని తీగ

టీవీ ప్లగ్గు పీకాలి. ఫ్రిజ్‌ది పీకాలి. మోటారు స్విచ్చి కట్టేయాలి. మేడ మీది బట్టలు దించాలి. చిన్న ఆక్సిజన్ సిలిండరు మీది ముల్లు ఎక్కడుందో చూడాలి. మబ్బు కమ్ముకొస్తుంటే కోడలు ఇవన్నీ చకచకా చేసేసింది. చివరికి ఇంట్లో ఒక్క ప్లగ్గు మిగిలింది. అది అత్తగారి ఊపిరి.

మంచం పక్కన ఆక్సిజన్ మిషను గుర్రుమంటోంది. దాని గొట్టం అత్తగారి ముక్కుకుంది.

“అన్నీ పీకావుగా, నన్నూ పీకేస్తే నీకో పని తప్పుతుంది,” అంది ఆవిడ ఆయాసపడుతూనే.

“ఊరుకోండత్తయ్యా! ఊపిరికే గానీ మీ నోటికి ఏ మిషనూ అక్కర్లేదు.”

ఇద్దరూ నవ్వారు. అంతలో దూరంగా ఉరిమింది. కోడలు మీటరు వైపు చూసింది. ఎలక్ట్రీషియనైన ఆమె భర్త అక్కడో చిన్న డబ్బా బిగించాడు. పిడుగు పడి లైన్లో కరెంటు పోటెత్తితే, ఆ డబ్బా దాన్ని ఎర్తు తీగలోంచి భూమిలోకి తోసేస్తుందట. డబ్బా మీద పచ్చలైటు వెలుగుతోంది. హమ్మయ్య అనుకుని, బకెట్టు లోపల పెడదామని పెరట్లోకి వెళ్లింది.

అక్కడ ఆమె కాళ్లు ఆగిపోయాయి.

ఎర్తు తీగ ఎప్పుడూ భూమిలో లోతుగా దిగిన ఇనప నీళ్ల పైపుకు కట్టి ఉండేది. తుప్పునీళ్లు వస్తున్నాయని, ప్లంబరైన అత్తగారి తమ్ముడు మొన్న ఆ పైపంతా తీసేసి ప్లాస్టిక్‌ది వేశాడు. అక్కయ్య ఇల్లు కదా అని మరీ శ్రద్ధగా, ఊడిన తీగను కూడా ప్లాస్టిక్ పైపుకే చుట్టి ముడేసి వెళ్లాడు. చూడ్డానికి ముచ్చటగా ఉంది. భూమికి మాత్రం అందడం లేదు. ఇప్పుడు పిడుగు పడితే ఆ పోటంతా మిషను మీదికే. ఆ సంగతి పచ్చలైటుకేం తెలుసు?

వెంటనే భర్తకు ఫోను చేసింది.

“మిషను పీకెయ్, సిలిండరు పెట్టు. ఇంకోటి పట్టుకుని వస్తున్నా. ఆ తీగ జోలికి మాత్రం పోకు,” అన్నాడు.

కానీ సిలిండరు ముల్లు, గాలి అయిపోవచ్చిందని చెప్పే ఎర్రగీత దగ్గరుంది. ఆయన వచ్చేదాకా సరిపోతుందా? సరిపోకపోతే? గోడవార ఇనప కడ్డీ కనిపించింది. దీన్ని నేలలో దిగ్గొట్టి తీగ కట్టేస్తే మిషను ఆపక్కర్లేదు కదా అనిపించింది. సుత్తి తీసుకుంది. ఈసారి మెరుపు పక్కవీధిలోనే మెరిసినట్టయింది.

“ఏయ్!” కిటికీలోంచి అత్తగారి కేక. “ఉరుముల్లో ఇనుము పట్టుకుంటావా? లోపలికి రా!”

“ఒక్క నిమిషం అత్తయ్యా, మీ కోసమే!”

“నా కోసమైతే అసలే వద్దు!”

కోడలు తీగ మీద చెయ్యి వేయబోయింది. లోపల మిషను గుర్రు ఠక్కున ఆగిపోయింది. సుత్తి పారేసి లోపలికి పరుగెత్తింది. అత్తగారు మంచం మీంచి సగం వంగి ఉంది. పీకిన ప్లగ్గు ఆవిడ చేతిలోనే ఉంది.

“ఇప్పుడు కట్టు చూద్దాం తీగ!” అంది, గాలి కోసం నోరు తెరుస్తూ.

గొట్టం సిలిండరుకు తగిలిస్తుండగానే ఇల్లంతా తెల్లబడింది. చెవులు గళ్లుపడ్డాయి. మీటరు దగ్గర ఫట్‌మని నిప్పురవ్వలు, కాలిన వాసన. పెరట్లో తీగ ఉన్నచోట ప్లాస్టిక్ పైపు నల్లగా కమిలింది.

చీకట్లో, కోడలి ఫోను వెలుగులో, అత్తగారి చెయ్యి సిలిండరు మరను మెల్లగా తిప్పింది.

“తగ్గించకండి! పెదాలు నీలబడుతున్నాయి.”

“కొంచెం కొంచెం పీలుస్తాలే. వాడొచ్చేదాకా ఇది సరిపోవద్దూ!”

ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని ముల్లునే చూస్తూ కూర్చున్నారు. ముల్లు ఎర్రగీత దాటింది. అడుగంటింది. అప్పుడు వినిపించింది గేటు చప్పుడు. తడిసి ముద్దయిన కొడుకు, భుజాన సిలిండరు.

ఆవిడ బతికింది. మిషనూ బతికింది. తర్వాత కొన్నాళ్లకు జబ్బే ఆవిడను తీసుకుపోయింది, పిడుగు కాదు. చదువుతున్న మీకు ఆవిడ ఏమీ కాదు. అయినా ఎవరైనా “నీ కోసమే” అంటూ ప్రమాదంలోకి దిగబోతే, తన ఊపిరాపుకుని కోడల్ని వెనక్కి లాగిన ఆ అత్తగారిని ఒక్కసారి గుర్తు చేసుకోండి.